మోరీ నీళ్ల కబురు మాకూ చెప్పండి: జలమండలికి, తెలంగాణ ప్రజారోగ్య శాఖకు బహిరంగ లేఖ

హైదరాబాద్ మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డు మేనేజింగ్ డైరెక్టర్ గారికి, తెలంగాణ ప్రజారోగ్య సంచాలకుల వారికి నమస్కారాలతో,

నేను అంబర్‌పేటలో, మూసీ ఒడ్డున ఉన్న మురుగు శుద్ధి కేంద్రానికి కొద్ది వీధుల అవతల నివసిస్తున్నాను. డిగ్రీ కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధి చేయగల ఆ కేంద్రాన్ని మా పేటలో చాలామంది వాసనను బట్టే గుర్తుపెట్టుకున్నారు. సాయంత్రం గాలి ఇటు తిరిగితే కిటికీలు మూసుకుంటారు. నాకు మాత్రం దాని గేటు ముందునుంచి వెళ్లిన ప్రతిసారీ వేరే ఆలోచన వస్తుంది. లక్షల ఇళ్ల మరుగుదొడ్ల నుంచి బయలుదేరిన నీరు పెద్ద కాలువల్లో కలిసి అక్కడికి చేరుతుంది. జబ్బుపడి ఆసుపత్రిలో చేరినవారివీ, లక్షణాలేవీ లేకుండానే వైరస్‌ను మోస్తున్నవారివీ, డాక్టరు దగ్గరికి వెళ్లే స్తోమత లేక ఇంట్లోనే పడుకున్నవారివీ, అందరి ఆనవాళ్లూ ఆ నీటిలో ఉంటాయి. ఆ నీటిలో మనుషులకు సోకే వైరస్‌ల జాడను వారంవారం కనిపెట్టే పనిని అప్పుడప్పుడూ జరిగే పరిశోధనగా వదిలేయకుండా మీ రెండు సంస్థల నిత్య విధిగా స్వీకరించాలనీ, ఏ ఫలితం వస్తే ఎవరు ఏం చేయాలో ముందుగానే రాసిపెట్టాలనీ, ఆ ఫలితాలను మాకు కూడా చెప్పాలనీ కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఈ పని మన నగరానికి కొత్తది కాదు. 2016 మే నెలలో హైదరాబాద్ మురుగు నుంచి తీసిన ఒక నమూనాలో, మూడు రకాల పోలియో వైరస్‌లలో ఒకటైన టైప్ 2 బయటపడింది. అది ప్రకృతిలో తిరిగే అసలు పోలియో వైరస్ కాదు. చుక్కల మందులో వాడే బలహీనపరచిన వైరస్, రోగనిరోధకత తక్కువగా ఉన్నచోట పేగుల్లో చాలాకాలం నిలిచి, మార్పులు పొంది, తిరిగి బలం పుంజుకునే దారి పట్టిన రూపం. మన దేశంలో చిట్టచివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియో లేనిదిగా ధ్రువీకరణ పొందింది. 2016 ఏప్రిల్ 25న చుక్కల మందు నుంచి టైప్ 2ను దేశమంతటా తొలగించారు. సరిగ్గా ఆ మార్పు జరిగిన కొన్ని వారాలకే ఈ నమూనా దొరికింది. అప్పటికి పక్షవాతం వచ్చిన బిడ్డ ఒక్కరూ లేరు. అయినా ఆరోగ్య శాఖ వేచి చూడలేదు. జూన్ 20 నుంచి 26 వరకు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని ఎంపిక చేసిన ప్రాంతాల్లో, 6 వారాల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లలకు ఇంజెక్షన్ పోలియో టీకాను, మామూలు మోతాదులో ఐదో వంతు చొప్పున, చర్మం పొరలోకి ఇచ్చారు. టీకా కొరత ఉన్న రోజుల్లో ఒక్క మోతాదు ఐదుగురు బిడ్డలకు సరిపోయేలా చేసిన ఆ ఏర్పాటు 3 లక్షల 11 వేల మంది పిల్లలకు చేరింది. లక్ష్యంలో అది 94 శాతం. అంత పెద్ద ఎత్తున ఆ పద్ధతిలో టీకా వేయడం ఎలాగో ప్రపంచానికి చూపించినవారు మన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు.

ఆ వారంలో మా బస్తీ శిబిరంలో పిల్లల పేర్లు రాసుకునే పనికి నేను వెళ్లాను. రెండో రోజు మధ్యాహ్నం, చంకలో ఏడాది బిడ్డతో వచ్చిన ఒక తల్లి నా బల్ల ముందు నిలబడి, "మోరీ నీళ్లల్ల పోలియో దొరికిందంట గద మేడం, మాకెవ్వలు చెప్పలే" అన్నది. ఆమె గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. అప్పటికే బస్తీలో రకరకాల మాటలు నడుస్తున్నాయి: నల్లా నీళ్లలో పోలియో కలిసిందని కొందరు, పాత మందు చెడిపోయిందని ఇంకొందరు. వైరస్ దొరికింది తాగే నీటిలో కాదనీ, అది ఎక్కడో ఒక బిడ్డ పేగుల నుంచి మురుగులోకి వచ్చిందనీ, ఆ బిడ్డ ఎవరో తెలియదు గనుకనే అందరికీ సూది వేస్తున్నామనీ ఆమెకు పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాను. విన్నాక బిడ్డకు సూది వేయించి, సాయంత్రం తన వదిననూ ఆమె ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని వచ్చింది. ప్రజలకు ఇలాంటి విషయం అర్థం కాదనీ, చెబితే గగ్గోలు పుడుతుందనీ ఎవరైనా అధికారి అన్నప్పుడు నాకు ఆ తల్లి గుర్తుకొస్తుంది. గగ్గోలు పుట్టించింది విషయం కాదు. దాన్ని ముందుగా, నేరుగా, మా మాటల్లో చెప్పేవారు లేకపోవడం.

రెండో సందర్భం 2020 ఆగస్టుది. నగరంలోని కేంద్ర పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు కలిసి నగరంలోని ప్రధాన శుద్ధి కేంద్రాల నుంచి మురుగు నమూనాలు తీసి, అందులో కోవిడ్ వైరస్ జన్యుపదార్థం ఎంత ఉందో కొలిచారు. గడచిన 35 రోజుల్లో వైరస్ సోకినవారు, కోలుకున్నవారితో సహా, నగరం మొత్తం మీద సుమారు 6.6 లక్షల మంది ఉండవచ్చునని వారు అంచనా కట్టారు. రాష్ట్రం మొత్తానికి అధికారికంగా నమోదైన కేసులు అప్పటికి లక్షకు లోపే. ముక్కులో పుల్ల పెట్టించుకోవడానికి వరుసలో నిలబడిన వారిని మాత్రమే లెక్కించే పద్ధతికీ, ఊరంతటినీ ఒక్క సీసాలో చూసే పద్ధతికీ ఉన్న దూరం ఆ రెండు అంకెల మధ్య కనబడింది. ఆ మురుగులో దొరికింది వైరస్ అవశేషమే గాని మనిషికి అంటుకునే వైరస్ కాదని కూడా వారు అప్పుడే స్పష్టంగా చెప్పారు.

ఇక్కడ నా వృత్తి నేర్పిన జాగ్రత్త ఒకటి చెప్పాలి. 6.6 లక్షలు అన్న అంకెను తలల లెక్కగా తీసుకోకూడదు. ఒక్కో రోగి మలంలో ఎంత వైరస్ విడుదలవుతుందనే ఊహ మీద అది ఆధారపడింది, ఆ పరిమాణం మనిషికీ మనిషికీ, జబ్బు మొదటి వారానికీ మూడో వారానికీ ఎంతో మారుతుంది. పైగా అప్పట్లో నగర మురుగులో శుద్ధి కేంద్రాలకు చేరుతున్నది 40 శాతమే గనుక మిగిలిన దానిని నిష్పత్తి ప్రకారం లెక్కగట్టారు. కనుక మురుగు పరీక్ష నుంచి మనం అడగవలసింది ఎంతమంది అన్న ప్రశ్న కాదు. పోయిన వారం కన్నా ఈ వారం పెరిగిందా తగ్గిందా, అంబర్‌పేటలో పెరిగి అత్తాపూర్‌లో తగ్గిందా, నిన్నటిదాకా లేనిది ఇవాళ కొత్తగా కనబడిందా అన్న ప్రశ్నలకు అది నమ్మకమైన సమాధానం ఇస్తుంది. అటువంటి సమాధానం ఒక్కసారి తీసిన నమూనాలో దొరకదు. ఒకే చోట, ఒకే విధంగా, ఏడాది పొడవునా తీసిన నమూనాల వరుసలోనే దొరుకుతుంది. నేను నిత్య విధి అని నొక్కి చెబుతున్నది అందుకే. మహమ్మారి వచ్చినప్పుడు మొదలుపెట్టి పోగానే ఆపేస్తే, మామూలు రోజుల్లో ఎంత ఉండేదో తెలియక, తరువాతిసారి వచ్చిన అంకెను దేనితో పోల్చాలో తెలియదు.

పని విధానం క్లిష్టమైనదేమీ కాదు. శుద్ధి కేంద్రంలోకి మురుగు ప్రవేశించే చోట 24 గంటల పాటు గంటగంటకూ కొద్దికొద్దిగా పట్టి కలిపిన నమూనా, ఒక్కసారి ముంచి తీసిన సీసా కన్నా ఎంతో మెరుగు. ఎందుకంటే తెల్లవారి వచ్చే మురుగు, మధ్యాహ్నం బట్టలు ఉతికాక వచ్చే మురుగు ఒకటి కావు. దాన్ని మంచుపెట్టెలో ప్రయోగశాలకు చేర్చి, చెత్తను వడగట్టి, అందులో పలచగా ఉన్న వైరస్‌లను ఒకచోటికి చిక్కబరచి, జన్యుపదార్థాన్ని వేరుచేసి, ఆర్‌టీ-పీసీఆర్ యంత్రంలో కొలుస్తారు. కొత్త రకాలు ఉన్నాయేమో చూడాలంటే ఆ జన్యుక్రమాన్ని చదువుతారు. ఏ వైరస్ కోసం వెతకాలో ముందుగా తెలియనప్పుడు, నమూనాలోని జన్యుపదార్థాన్నంతటినీ చదివి పరిచయం లేనిది ఏదైనా ఉందా అని గాలించే పద్ధతి కూడా ఉంది. అది ఖర్చుతో కూడినది, ఫలితాన్ని అర్థం చేసుకోవడం కష్టం, కనుక ప్రతి వారం కాకపోయినా మూడు నెలలకోసారి చేసినా మేలే.

వాన పడిన రోజున మురుగు పలచబడి వైరస్ తగ్గినట్టు కనబడుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. మన నగరంలో వరద కాలువ, మురుగు కాలువ చాలాచోట్ల ఒకటే గనుక జులై, ఆగస్టుల్లో ఇది పెద్ద చిక్కు. దీనికి విరుగుడుగా ప్రపంచమంతటా వాడుతున్న కొలబద్ద మన వంటింటిదే. మిరప మొక్కలకు ఆకులపై మచ్చల తెగులు తెచ్చే ఒక వైరస్ ఉంది. అది మనిషికి ఏ హానీ చేయదు. కారంతో, పచ్చడితో పాటు కడుపులోకి వెళ్లి, చెక్కుచెదరకుండా మలంలో బయటికి వస్తుంది. ఒక నమూనాలో ఈ మిరప వైరస్ ఎంత ఉందో కొలిస్తే ఆ నీటిలో మనుషుల మలం పాలు ఎంతో తెలుస్తుంది. దానితో పోల్చి చూస్తే వాన నీరు కలిసిన నమూనాను, కలవని నమూనాను ఒకే త్రాసులో తూచినట్టవుతుంది. పూటపూటా కారం తినే మన ఊళ్లకు ఇంతకన్నా తగిన కొలబద్ద మరొకటి ఉండదని నా నమ్మకం.

ఆసుపత్రులు ఉండగా, ల్యాబులు ఉండగా మురుగు దాకా ఎందుకు వెళ్లాలన్న సందేహానికి పోలియోయే జవాబు. పోలియో వైరస్ సోకిన సుమారు 200 మందిలో ఒక్కరికే శాశ్వత పక్షవాతం వస్తుంది. ఆ ఒక్క బిడ్డ కాలు చచ్చుబడి ఆసుపత్రికి చేరేదాకా ఆగితే, అప్పటికి వందల మందిలో వైరస్ తిరిగిపోయి ఉంటుంది. 2013లో ఇజ్రాయెల్ దక్షిణ ప్రాంతంలోని రహత్ పట్టణ మురుగులో అసలు పోలియో వైరస్ కనబడినప్పుడు ఆ దేశం లక్షల మంది పిల్లలకు చుక్కల మందు వేసింది; ఒక్క బిడ్డకూ పక్షవాతం రాలేదు. 2022లో లండన్‌లోని బెక్టన్ శుద్ధి కేంద్రం నమూనాల్లో టైప్ 2 వైరస్ మళ్లీమళ్లీ కనబడితే, ఆ ఆగస్టులో నగరంలోని 1 నుంచి 9 ఏళ్ల పిల్లలందరికీ అదనపు టీకా ఇస్తామని ప్రకటించారు. అక్కడా పక్షవాతం కేసు రాలేదు. అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలో వరుస తిరగబడింది: రాక్‌లండ్ కౌంటీలో ఒక యువకుడికి పక్షవాతం వచ్చాకనే, దాచి ఉంచిన పాత మురుగు నమూనాలను వెనక్కి వెళ్లి పరీక్షించారు, వైరస్ అంతకు ముందునుంచే అందులో ఉంది. ఇక 2024 జూన్‌లో గాజాలోని ఖాన్ యూనిస్, దెయిర్ అల్ బలాలలో తీసిన మురుగు నమూనాల్లో టైప్ 2 వైరస్ దొరికింది. యుద్ధం మధ్య టీకాలు వేసే కార్యక్రమం సెప్టెంబరు 1న గాని మొదలు కాలేదు, ఈలోగా పది నెలల పసివాడికి కాలు చచ్చుబడింది. మురుగు ముందుగానే చెప్పినా, విని కదలడానికి వీలు లేనప్పుడు ఏమవుతుందో ఆ పసివాడి విషయంలో చూశాం. మనకు యుద్ధం లేదు. ఫైలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్లకు కదలడంలో జరిగే ఆలస్యం వల్ల మాత్రం మన బిడ్డలెవరికీ అలా జరగకూడదు.

అందువల్ల మీ ఇద్దరినీ నేను అన్నిటికన్నా గట్టిగా అడుగుతున్నది ఒక రాతపూర్వక ఒప్పందం. మురుగు జలమండలిది, రోగం ఆరోగ్య శాఖది, పరీక్షించే నైపుణ్యం సీసీఎంబీ, ఐఐసీటీ వంటి కేంద్ర సంస్థలదీ, నారాయణగూడలోని మన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటి రాష్ట్ర సంస్థలదీ. అంబర్‌పేట శుద్ధి కేంద్రం నుంచి ఈ ప్రయోగశాలలన్నీ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఇన్ని సంస్థలు ఇంత దగ్గరగా ఉన్న నగరాలు దేశంలో ఎన్నో లేవు. 2016లో పోలియో విషయంలో పని వేగంగా జరగడానికి కారణం, మురుగులో ఫలానా వైరస్ దొరికితే ఎవరికి కబురు వెళ్లాలి, ఎవరు టీకా తెప్పించాలి, ఏ ప్రాంతంలో ఎవరు ఇల్లిల్లూ తిరగాలి అన్నది ముందే నిర్ణయమై ఉండటం. మిగిలిన వైరస్‌లకు కూడా అటువంటి నిర్ణయ పత్రం కావాలి. ఒక ప్రాంతం మురుగులో హెపటైటిస్ ఎ గాని, ఇ గాని పెరిగితే ఆ ప్రాంతంలో తాగునీటి గొట్టాల్లోకి మురుగు చొరబడుతోందేమో 48 గంటల్లో చూసే బాధ్యత జలమండలిలో ఏ ఇంజినీరుది? తట్టు వైరస్ కనబడితే ఏ బస్తీల్లో ఏఎన్ఎంలు టీకా కార్డులు తిరగేయాలి? కోవిడ్ కొత్త రకం పెరుగుతుంటే గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులకు పడకల సంగతి ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్నలకు పేర్లు, ఫోను నంబర్లు, గడువులు రాసి ఉన్న కాగితం ముందే సిద్ధంగా లేకపోతే, నమూనాలు ఎన్ని తీసినా ఇల్లంటుకున్నాక బావి తవ్వినట్టే అవుతుంది.

నమూనాలు ఎక్కడ తీయాలన్నది ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం. 2021లో మంజూరైన 31 కొత్త శుద్ధి కేంద్రాల వల్ల, రోజుకు 1,259.5 మిలియన్ లీటర్ల అదనపు సామర్థ్యంతో, నగర మురుగులో మునుపటికన్నా చాలా ఎక్కువ భాగం ఏదో ఒక కేంద్రానికి చేరే ఏర్పాటు జరిగింది. ఇది గొప్ప అవకాశం. 2020లో శాస్త్రవేత్తలు ఊహించవలసి వచ్చిన భాగాన్ని ఇప్పుడు నేరుగా కొలవవచ్చు. అయితే శుద్ధి కేంద్రాలను మాత్రమే నమ్ముకుంటే, గొట్టపు డ్రైనేజీకి కలపబడిన ఇళ్ల ఆరోగ్యమే మనకు తెలుస్తుంది. నాలాల పక్కన గుడిసెలు వేసుకున్నవారు, శివార్లలో సెప్టిక్ ట్యాంకులతో బతికే కాలనీలవారు, వలస కూలీల తాత్కాలిక వసతులు ఆ లెక్కలోకి రావు. రోగం మొదట తాకేదీ, ఆసుపత్రికి చివరగా చేరేదీ వారే. బెంగళూరులో శాస్త్రవేత్తలు తెరచిన కాలువల నుంచి కూడా నమూనాలు తీసి పని చేశారు. మన దగ్గరే 2020 చివర నుంచి 2021 దాకా హుస్సేన్‌సాగర్, నాచారం పెద్దచెరువు వంటి నగర చెరువుల నీటిలో కోవిడ్ వైరస్ జన్యుపదార్థం దొరికింది. ఊరికి దూరంగా ఉన్న ఏదులాబాద్ చెరువులో దొరకలేదు. శుద్ధి కాని మురుగు ఆ నగర చెరువుల్లోకి చేరుతోందన్న మాట. కనుక ప్రధాన నాలాల మీద కొన్ని చోట్లను, సెప్టిక్ ట్యాంకుల బండ్లు మురుగు ఖాళీచేసే చోట్లను, శంషాబాద్ విమానాశ్రయం మురుగును కూడా నమూనాల జాబితాలో చేర్చాలని నా ప్రార్థన. కొత్త వైరస్ ఇతర దేశాల నుంచి వస్తే మొదట దిగేది విమానాశ్రయంలోనే.

కొత్తగా తలెత్తే వైరస్‌లు అన్నప్పుడు తెలుగువారికి దూరపు సంగతిలా అనిపించకూడదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ మార్చిలోనే పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప అదే హెచ్5ఎన్1 వైరస్‌తో మంగళగిరి ఎయిమ్స్‌లో మరణించింది. అమెరికాలో 2024లో పాడి ఆవులకు ఈ వైరస్ సోకిన రోజుల్లో టెక్సాస్ నగరాల మురుగులో ఈ తరహా (హెచ్5) వైరస్ జాడ కనబడింది. ఆ జాడ మనుషుల నుంచి వచ్చిందా, పాల నుంచి వచ్చిందా, పశువుల నుంచి వచ్చిందా అన్నది మురుగు ఒక్కటే చెప్పలేదు. మన నగరాల్లో వీధివీధికీ ఉన్న చికెన్ దుకాణాల కడుగునీళ్లు కూడా మోరీలోకే పోతాయి గనుక, హెచ్5 దొరికిన రోజున మనుషులకు సోకిందని తొందరపడి ప్రకటించడం ఎంత తప్పో, కోళ్లదిలే అని పక్కన పెట్టడం కూడా అంతే తప్పు. అప్పుడు చేయవలసింది పశుసంవర్ధక శాఖను పిలిచి, ఆ ప్రాంతపు కోళ్ల దుకాణాలనూ, జ్వరంతో వచ్చిన రోగులనూ ఒకేసారి పరీక్షించడం. ఈ లేఖ ఒక ప్రతిని అందుకే ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖకు కూడా పంపుతున్నాను. విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు నగరాలకు ఈ అవసరం మనకన్నా తక్కువ కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశంలో 50 నగరాల మురుగులో 10 వైరస్‌ల కోసం నిఘా పెడతామని 2025లో ప్రకటించింది. ఆ కార్యక్రమం మన ఊరికి ఎలాగూ వస్తుందని మనం చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. కేంద్రం నమూనా అడిగినప్పుడు ఇచ్చేది ఒక పని, మన ఊరి నమూనా ఫలితం మీద మనమే కదిలేది వేరే పని.

ఇక నమూనా సీసాను చేతితో పట్టుకునే మనిషి గురించి. ఈ విషయం మీద శాస్త్రవేత్తల వ్యాసాలు చాలా చదివాను. ఆ సీసాను ఎవరు నింపారన్నది వాటిలో దాదాపు కనబడదు. నింపేది చాలాచోట్ల కాంట్రాక్టు కార్మికుడు. తగిన రక్షణ సామగ్రి లేకుండా మ్యాన్‌హోల్‌లో మనిషిని దించి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. అయినా విషవాయువులతో ప్రాణాలు పోతూనే ఉన్నాయి. వైరస్‌ల కోసం నమూనాలు తీసే కార్యక్రమం పేరుతో ఇంకొక మనిషి మ్యాన్‌హోల్ అంచున వంగి చేయి ముంచే పరిస్థితి రాకూడదు. పైనుంచే నీటిని తోడే స్వయంచాలిత యంత్రాలు పెట్టాలి. అవి లేనిచోట పొడవైన కర్రకు కట్టిన పాత్రతో, చేతి తొడుగులు, కళ్లద్దాలు, ముఖానికి మాస్కుతో మాత్రమే తీయించాలి. ఆ పని చేసేవారికి హెపటైటిస్ ఎ, బి, టైఫాయిడ్, ధనుర్వాతం టీకాలు ప్రభుత్వ ఖర్చుతో వేయించాలి. వారు తెచ్చిన సీసాలో ఏం దొరికిందో అందరికన్నా ముందు వారికి చెప్పాలి. ఆ నీటికి అందరికన్నా దగ్గరగా నిలబడేది వారే.

ప్రజలకు చెప్పే విషయంలో ఒక హద్దు ఉండాలని కూడా కోరుతున్నాను. లక్షల మంది మురుగు కలిసే చోట తీసిన నమూనా ఏ ఒక్కరి పేరునూ బయటపెట్టదు. ఒక హాస్టల్, ఒక అపార్ట్‌మెంట్, ఒక చిన్న బస్తీ మురుగును వేరుగా పరీక్షించి ఫలితాన్ని పేరుతో సహా ప్రకటిస్తే మాత్రం అది అక్కడివారి మీద ముద్ర అవుతుంది. 2020లో ఇళ్ల ముందు రేకులు కట్టిన రోజుల్లో, రోగం తగ్గి నెలలు గడిచినా పనిమనుషులను గేటు దాటనివ్వని కాలనీలను నేను చూశాను. ఆ ఇళ్లలో పనిచేసిన ఆడవాళ్లు కూలి పోగొట్టుకుని మా వీధిలో కూరగాయలు అమ్మారు. అటువంటి చిన్న చోట్ల పరీక్ష అవసరమైతే చేయండి, అక్కడివారికి నేరుగా చెప్పండి, పత్రికలకు ఇవ్వకండి. మురుగు నమూనాను వైరస్‌ల కోసం తప్ప మరే ఇతర ఆరా కోసమూ, మత్తుమందుల వాడకం కోసం పోలీసులు అడిగినా సరే, ఉపయోగించబోమని ఆ ఒప్పంద పత్రంలోనే రాయాలి. అలా రాయకపోతే జనం ఈ పనిని అనుమానంగా చూస్తారు, వారి అనుమానం న్యాయమైనదే అవుతుంది.

ప్రచురణకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. ప్రతి సోమవారం ఒక్కో శుద్ధి కేంద్రానికి ఒక్కో వరుస రాస్తే చాలు: ఏ వైరస్, పోయిన వారంతో పోలిస్తే పెరిగిందా, నిలకడగా ఉందా, తగ్గిందా, పెరిగితే మేము చేయవలసింది ఏమిటి. తెలుగులో, ఉర్దూలో. ఫలితం రాని వారం రాలేదని, నమూనా చెడిపోతే చెడిపోయిందని అదే చోట రాయాలి. మంచి వార్త ఉన్న వారాల్లో ప్రకటించి చెడ్డ వార్త వచ్చిన వారం మౌనంగా ఉంటే, ఆ మౌనాన్ని బస్తీ తనకు తోచినట్టు అర్థం చేసుకుంటుంది. 2016లో జరిగింది అదే.

మా ప్రాంతపు బస్తీ దవాఖానా గోడ మీద ఖాళీ ఉంది. మీరు అనుమతిస్తే అక్కడ ఒక నల్లబల్ల పెట్టించి, మీరు ఇచ్చిన ఫలితాన్ని ప్రతి సోమవారం ఉదయం రాసే బాధ్యత నేను తీసుకుంటాను. మా ప్రాంతపు ఆశా కార్యకర్తలకు దాన్ని చదివి వివరించడం నేర్పడానికి, నా దగ్గర చదువుకుని ఇప్పుడు నగరంలోని ప్రయోగశాలల్లో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులు కొందరు ఆదివారాలు రావడానికి ఒప్పుకున్నారు. మొదట ఒక్క అంబర్‌పేట కేంద్రంతో, పోలియో, కోవిడ్, హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లతో మొదలుపెట్టినా చాలు. ఈ విషయమై మీ రెండు కార్యాలయాలూ కలిసి ఒక సమావేశం ఏర్పాటు చేస్తే, చెప్పిన రోజున, చెప్పిన చోటికి వస్తాను.

ఇట్లు,
అంబర్‌పేట నివాసి,
విశ్రాంత సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు